మూడు లక్షల పాతిక వేలు పోసి చేయించిన యాక్సెసిబిలిటీ ఆడిట్: దేనికి ఎంత ఇవ్వొచ్చో నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఆడిట్ చేసిన కంపెనీ పేరు రాయను, అడగొద్దు, వాళ్ళతో ఇంకా పని ఉంది. కానీ ఈమధ్య తెలిసినవాళ్ళు నలుగురైదుగురు వరసపెట్టి ఇదే అడుగుతున్నారు, వెబ్ యాప్‌కి యాక్సెసిబిలిటీ ఆడిట్ చేయించారట కదా, ఎంతైంది, ఏం చేస్తారు, డబ్బులకి తగ్గట్టు ఉంటుందా అని. యాక్సెసిబిలిటీ ఆడిట్ అంటే, చూపు లేనివాళ్ళు, తగ్గినవాళ్ళు, ఇలా వైకల్యం ఉన్నవాళ్ళు కూడా యాప్ వాడుకోగలరా అని బయటివాళ్ళతో చెక్ చేయించడం. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో మొదట్నుంచీ చెప్పలేక ఇక్కడ రాసి పడేస్తున్నా, ఇకమీద లింకు పంపి ఊరుకుంటా.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న స్టాక్ బ్రోకింగ్ కంపెనీలో క్యూఏ (టెస్టింగ్) లీడ్‌ని. షేర్లు కొనడం అమ్మడం, సిప్‌లు, అకౌంట్ తెరవడం, కేవైసీ, స్టేట్‌మెంట్లు, ఇవీ మా యాప్‌లో ఉండేవి. ఇంగ్లిష్, హిందీ, తెలుగు మూడు భాషలు. పదేళ్ళుగా టెస్టింగ్ చేస్తున్నా గానీ నిజం చెప్పాలంటే నిన్నమొన్నటిదాకా స్క్రీన్ రీడర్, అదే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఒక్కసారి కూడా ఆన్ చేసి చూడలేదు. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ మా ఆఫీసులో నేనొక్కదాన్నే కాదు.

మరి ఇప్పుడెందుకు మేలుకున్నారు అంటే, షేర్ మార్కెట్ రెగ్యులేటర్ సెబీ పుణ్యం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది కదా, 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది, అందులో వెబ్‌సైట్ల సంగతి అప్పటికే ఉంది, కానీ దాని కింద పెట్టిన రూల్ 15 ఏదో సలహాలా ఉండేది, పాటిస్తే పాటించు లేకపోతే లేదు అన్నట్టు. 2024 నవంబర్‌లో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇది కుదరదు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాల్సిందే అంది. ఆ కేసులో కోర్టు రిపోర్టు రాయించుకున్నది ఎవరితోనో కాదు, మన షామీర్‌పేట నల్సార్ లా యూనివర్సిటీలో ఉన్న వికలాంగ అధ్యయనాల కేంద్రంతోనే, ఇది మా లీగల్ మేడమ్ చెప్తే గానీ నాకు తెలీదు. తర్వాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసు తీర్పు. యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్న ఆవిణ్ణి కేవైసీ కెమెరా ముందు కళ్ళు ఆర్పమంటే ఆవిడ ఎలా ఆర్పుతుంది? డిజిటల్ సేవలు అందడం కూడా ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కింద హక్కేనని, రెగ్యులేటర్ల కింద ఉన్న సంస్థలన్నీ ఎప్పటికప్పుడు ఆడిట్ చేయించుకోవాలని కోర్టు చెప్పింది. అదే ఏడాది జులై 31న సెబీ సర్క్యులర్ దిగింది, ఐఏఏపీ (యాక్సెసిబిలిటీ నిపుణుల అంతర్జాతీయ సంఘం) సర్టిఫికెట్ ఉన్నవాళ్ళతో ఆడిట్ చేయించాలని. ఆ రోజు సాయంత్రం మా కంప్లయన్స్ సార్ నా డెస్కు దగ్గరికొచ్చి "అమ్మా, ఈ వికాగ్ అంటే ఏంటో నీకేమన్నా తెలుసా" అన్నారు. అలా మొదలైంది.

వెబ్ పేజీలు అందరూ వాడుకునేలా ఉండటానికి పెట్టిన అంతర్జాతీయ రూల్స్ డబ్ల్యూసీఏజీ, దాన్ని అందరూ వికాగ్ అనే అంటారు లెండి. 2.2 వెర్షన్ 2023 అక్టోబర్‌లో వచ్చింది, ఏ, డబుల్ ఏ లెవెల్స్ రెండూ కలిపితే 55 రూల్స్. మా ఆడిట్ కూడా దీని మీదే.

మూడు కొటేషన్లు తెప్పించాం. తీసుకున్నది మధ్యలోది, 25 స్క్రీన్లకి 2,75,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 3,24,500. అందులో ఉన్నవి: టూల్స్‌తో స్కాన్, మనుషులతో మాన్యువల్ టెస్టింగ్, చూపులేని టెస్టర్‌తో రెండ్రోజులు, ఇష్యూల ఎక్సెల్, పీడీఎఫ్ రిపోర్టు, ఒక్క రౌండ్ రీటెస్ట్, చివర్లో ఒక సర్టిఫికెట్. నాలుగో కంపెనీ ఒకటి ఫోన్ చేసి, ఆడిట్ ఎందుకండీ, మా స్క్రిప్టు ఒక్క లైను మీ పేజీలో పెట్టుకోండి, ఏఐ అంతా సరిచేసేస్తుంది అంది. ఇలా చెప్పి అమ్మిన ఒక కంపెనీకే అమెరికాలో ఎఫ్‌టీసీ (వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ) 2025లో పది లక్షల డాలర్లు కట్టించింది. ఆ ముక్క చెప్పి ఫోన్ పెట్టేశా.

ఇక అసలు రివ్యూ.

మొదటి వారం స్కానింగ్. దీని గురించి పెద్దగా రాయను, ఎందుకంటే ఇది మీరే చేసుకోవచ్చు, వీళ్ళకి డబ్బులివ్వక్కర్లేదు. వాళ్ళు వాడింది ఆక్స్ ఎక్స్‌టెన్షన్, వేవ్, క్రోమ్‌లో ఉండే లైట్‌హౌస్, మూడూ ఫ్రీగా దొరికేవే, పైగా లైట్‌హౌస్ లోపల నడిచేది కూడా ఆక్స్ ఇంజనే. నేర్చుకోడానికి వేవ్ బావుంటుంది, తప్పు ఎక్కడుందో పేజీ మీదే బొమ్మలు పెట్టి చూపిస్తుంది, డెవలపర్‌కి చూపించి మాట్లాడ్డానికి సుఖం. రోజువారీ పనికి ఆక్స్. కలర్ కాంట్రాస్ట్, లేబుల్ లేని ఫీల్డులు, ఆల్ట్ (బొమ్మలో ఏముందో స్క్రీన్ రీడర్‌కి చెప్పే మాటలు) లేని బొమ్మలు, ఇవన్నీ పట్టేస్తాయి. మా యాప్ అంతా 999999 అనే లేత బూడిద రంగు అక్షరాలు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద, కాంట్రాస్ట్ లెక్కేస్తే 2.85 వచ్చింది, ఉండాల్సింది 4.5. దాన్ని 767676 చేస్తే 4.54, పాస్. మా డిజైనర్ ఈ రెండు రంగుల కోసం రెండ్రోజులు అలిగింది, అది వేరే కథ.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. మా ఆర్డర్ పెట్టే స్క్రీన్‌కి లైట్‌హౌస్ ఇచ్చిన స్కోరు 96. వందకి తొంభై ఆరు. దీని సంగతి కింద చెప్తా.

తర్వాత ఎక్సెల్ వచ్చింది. 412 ఇష్యూలు. మా మేనేజర్‌కి చెమటలు పట్టాయి, రిలీజ్ ఆపాలా అన్నారు. నేను, మా ఫ్రంటెండ్ కుర్రాడు ఒక శనివారం కూర్చుని ఏరితే తేలిందేంటంటే, హెడర్‌లో సెర్చ్ ఐకాన్‌కి పేరు లేదు, ఆ హెడర్ 25 స్క్రీన్లలోనూ ఉంది కాబట్టి 25 ఇష్యూలు. ఫుటర్‌లో నాలుగు సోషల్ మీడియా ఐకాన్లు, నాలుగు పాతికలు వంద. ఇలా కలిపేసుకుంటూ పోతే మిగిలినవి 63. నాలుగొందల పన్నెండు అంటే ఆడిట్ చాలా లోతుగా చేసినట్టు కనబడుతుంది కదా, అందుకే అలా ఇచ్చారని నా అనుమానం, లేకపోతే టూల్ నుంచి ఎగుమతి చేసి అలాగే పంపేశారు. రెండిట్లో ఏదైనా మా శనివారం పోయింది.

ఇంకో తమాషా. ఆ షీట్‌లో తీవ్రత అని ఒక కాలమ్ ఉంది, అందులో అక్షరం ముక్క రాయలేదు, ఎరుపు, నారింజ, పసుపు రంగులేసి వదిలేశారు. రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదు అనేది వికాగ్‌లో 1.4.1, లెవెల్ ఏ, అంటే ఓనమాల లాంటిది. యాక్సెసిబిలిటీ ఆడిట్ షీట్‌లోనే అది ఫెయిల్. మా సార్ బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తీసుకొచ్చి "ఇందులో ఏది ముందు చెయ్యాలమ్మా" అంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పైగా ఓ పదిహేను ఇష్యూలు 4.1.1 కింద పెట్టారు. ఆ రూల్ 2.2లో తీసేశారు, 2.2 మీద ఆడిట్ అని ఇన్వాయిస్‌లో రాసిందీ వాళ్ళే. పాత టెంప్లేట్ దులిపి ఇచ్చారన్నమాట. మెయిల్ పెడితే మర్యాదగానే ఒప్పుకుని తీసేశారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

పరిష్కారం అనే కాలమ్ అయితే ఇంకా దారుణం, "తగిన ఆల్ట్ టెక్స్ట్ ఇవ్వండి" అని అరవై చోట్ల కాపీ పేస్ట్. తగినది అంటే ఏంటో చెప్పాలి కదా. మావాడు శ్రద్ధగా అన్నిటికీ "ఇమేజ్" అని పెట్టేశాడు, స్కాన్ చేస్తే అన్నీ పచ్చగా పాస్.

ఈ మొదటి రెండు వారాలకి నన్నడిగితే ఐదుకి రెండు.

ఇప్పుడు అసలైన రెండ్రోజులు. చూపులేని టెస్టర్ మా ఆఫీసుకే వచ్చాడు, పాతికేళ్ళుంటాయేమో, దుర్గం చెరువు మెట్రో దగ్గర దిగితే మావాడు వెళ్ళి తీసుకొచ్చాడు. పేరు రాయను గానీ తెలుగబ్బాయే, అరగంటలో నన్ను అక్కా అనేశాడు. సొంత లాప్‌టాప్, అందులో ఎన్‌వీడీఏ. తెలీనివాళ్ళకి, ఇది విండోస్‌లో నడిచే స్క్రీన్ రీడర్, పూర్తిగా ఫ్రీ, 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని కుర్రాడే మొదలుపెట్టాడు. జాస్ అని ఇంకోటుంది, అది డబ్బులకి. మన దగ్గర నాకు తెలిసినవాళ్ళంతా ఎన్‌వీడీఏనే.

అతను హెడ్‌ఫోన్ తీసి స్పీకర్లో పెట్టాడు మాకోసం. ఆ వేగానికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, పాత రేడియోలో స్టేషన్ తిప్పుతుంటే వచ్చే గరగరలా ఉంది. "సారీ అక్కా, తగ్గిస్తా" అని బాగా తగ్గించాడు. హెచ్ నొక్కితే హెడింగ్ నుంచి హెడింగ్‌కి, ఎఫ్ నొక్కితే ఫామ్ ఫీల్డుకి, బి నొక్కితే బటన్‌కి దూకుతుంది. మనం కళ్ళతో పేజీ మీద ఎలా పరిగెత్తుతామో అలా వేళ్ళతో.

ఆర్డర్ స్క్రీన్ తెరిచాడు. తొంభై ఆరు స్కోరు ఉన్నదే. బి నొక్కాడు. ఒకే బటన్ దొరికింది, ప్లేస్ ఆర్డర్. "కొనడం అమ్మడం ఎక్కడ మార్చుకోవాలి అక్కా?" అన్నాడు. పైనుంది కదా అన్నా నేను, అనేశాక నాలుక్కరుచుకున్నా. బాణం కీలతో ఒక్కో లైనూ దిగుతుంటే అప్పుడు పలికింది, "బయ్ క్లికబుల్, సెల్ క్లికబుల్". బయ్ మీద ఆగి ఎంటర్ కొట్టాడు. ఏమీ పలకలేదు. స్క్రీన్ మీద కూడా ఏం మారలేదు, ఎందుకంటే కొనడం అమ్మడం మార్చే మా టాగుల్ మధ్యలో ఎంటర్ పట్టించుకోని కోడ్ ముక్క ఒకటి ఉంది. ముందు ఆర్డర్‌లో పెట్టిన సెల్ అలాగే ఎర్రగా వెలుగుతూ ఉంది, అది మాకు కనబడుతోంది, అతనికి తెలిసే దారి లేదు. సంఖ్య పది కొట్టాడు, ప్లేస్ ఆర్డర్ నొక్కాడు. ఆర్డర్ వెళ్ళింది అని కింద పచ్చ డబ్బా ఒకటి మూడు సెకన్లు కనబడి మాయమైంది. ఎన్‌వీడీఏ నిశ్శబ్దం. వెళ్ళలేదేమో అనుకుని మళ్ళీ నొక్కాడు.

పది షేర్లు కొందామనుకున్న మనిషి ఇరవై షేర్లు అమ్మేశాడు. టెస్ట్ సర్వర్ కాబట్టి సరిపోయింది. గదిలో ఎవ్వరం మాట్లాడలేదు. అతనే నవ్వుతూ "పర్లేదక్కా, మాకు అలవాటే" అన్నాడు.

ఆక్స్ ఇది ఎందుకు పట్టలేదంటే, అవి బటన్లే కావు, డివ్‌లు, అంటే కోడ్‌లో ఉత్త డబ్బాలు. డివ్‌ని నొక్కితే షేర్లు అమ్ముడుపోతాయని స్కానర్‌కి ఎలా తెలుస్తుంది, దానికది మామూలు అక్షరాలే. సరిచెయ్యడానికి మావాడికి పట్టింది పూటే, డివ్‌లు తీసేసి మామూలు రేడియో బటన్లు పెట్టి, పైన పాత రంగులే వేశాడు, పచ్చ డబ్బాలో మాట స్క్రీన్ రీడర్ పలికేలా దానికి స్టేటస్ రోల్ ఇచ్చాడు. చూడ్డానికి తేడా ఏం లేదు. ఇప్పుడు "బయ్, రేడియో బటన్, చెక్డ్" అని పలుకుతుంది.

ఓటీపీ స్క్రీన్ ఇంకో నాటకం. ఆరు డబ్బాలు, ఒక్కోదాన్లో ఒక్కో అంకె, చూడముచ్చటగా ఉంటుంది. అతనికి మాత్రం "ఎడిట్ బ్లాంక్, ఎడిట్ బ్లాంక్" అని ఆరుసార్లు. దానికి తోడు ముప్పై సెకన్ల టైమర్ ఉంది. మావాడు ఎక్కడో చదివి మంచికే పోయి ఆ టైమర్‌కి ఏఆర్ఐఏ లైవ్ (మారినప్పుడల్లా స్క్రీన్ రీడర్ పలికేలా చేసే గుర్తు) పెట్టాడు, చూపులేనివాళ్ళకి కూడా తెలియాలి కదా అని. ఫలితం, "ట్వెంటీనైన్, ట్వెంటీఎయిట్, ట్వెంటీసెవెన్" అని సెకనుకొకసారి అరుపు, తను కొట్టే అంకె ఏదో తనకే వినబడదు. అతను పగలబడి నవ్వాడు, "అన్నా, మా అమ్మ నన్ను స్కూలుకి లేపినట్టుంది" అని. మావాడి మొహం చూడాలి. ఇప్పుడు ఒకటే డబ్బా, పేస్ట్ పనిచేస్తుంది, టైమర్ చివరి పది సెకన్లప్పుడు ఒక్కసారి చెప్తుంది అంతే.

ఈ రెండ్రోజుల్లో అతను చెప్పినవి 31. వాటిలో ఎక్సెల్‌లో ఉన్నవి ఎనిమిదో తొమ్మిదో. మిగతావన్నీ మేం మా చెవులతో వింటే గానీ బయటపడనివి. దీనికి ఐదుకి ఐదు, ఇంకా ఉంటే ఇంకా ఇస్తా.

రెండోరోజు టీ తాగుతుంటే అడిగాడు, "అక్కా, తెలుగులో కూడా ఉందన్నారు కదా, అదోసారి చూద్దామా?" ఒప్పందంలో ఇంగ్లిష్ ఒక్కటే ఉంది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మాకూ తట్టలేదు, వాళ్ళూ అడగలేదు. సరే తెరిచాడు. ఎన్‌వీడీఏ ఇంగ్లిష్ గొంతుతోనే తెలుగు అక్షరాల మీద పడి ఏదో గొణిగింది, మధ్యమధ్యలో అంకెలు మాత్రం స్పష్టంగా. కారణం చూస్తే భాష మార్చినా పేజీ మొదట్లో లాంగ్ అనే చోట ఇంగ్లిష్ కోడే ఉండిపోయింది. అక్కడ టీఈ అని పెట్టగానే ఎన్‌వీడీఏలో ఉండే ఈస్పీక్ తెలుగు గొంతు అందుకుంది. ఆ గొంతు మరీ మిషన్‌లా ఉంటుంది, వత్తులు నమిలేస్తుంది, కానీ అర్థమవుతుంది. రెండక్షరాల మార్పు. మా తెలుగు యాప్ వచ్చి మూడేళ్ళు.

అసలు కంపు తర్వాత తగిలింది. రిస్క్ హెచ్చరిక ఉంటుంది కదా, మార్కెట్ నష్టాలకు లోబడి అంటూ, అది తెలుగులో బొమ్మ. ఎందుకయ్యా అంటే ఎప్పుడో ఎవరో అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు అది, యూనికోడ్ కాదు, కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, అందుకని స్క్రీన్‌షాట్ తీసి అతికించారు. ఆల్ట్‌లో "ఇమేజ్" అని ఉంది, పైన చెప్పా కదా మావాడి శ్రద్ధ. అంటే డబ్బు పోవచ్చు జాగ్రత్త అని చెప్పే ఒక్క పేరా, అది ఎవరికి చదివి వినిపించాలో వాళ్ళకే వినబడదు. మా ఇంటర్న్ అమ్మాయి కూర్చుని మొత్తం యూనికోడ్‌లో మళ్ళీ టైప్ చేసింది, గంటన్నర పని.

పేజీని రెండొందల శాతానికి పెంచి చూస్తే ఇంకోటి. బటన్ ఎత్తు పిక్సెల్స్‌లో బిగించేశారు, ఇంగ్లిష్‌లో ఏం తేడా తెలీదు, తెలుగులో కింద వత్తులుంటాయిగా, అవి తెగిపోయాయి. "అమ్మండి" అనే బటన్ "అమండి" అయ్యి కూర్చుంది. చూపు తగ్గి అక్షరాలు పెద్దవి చేసుకునేవాళ్ళు, మా నాన్నగారిలాంటివాళ్ళు, వాళ్ళకి రోజూ ఇదే కనబడి ఉంటుంది, ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు పాపం.

ఇవేవీ రిపోర్టులో లేవు. స్కోప్‌లో లేవు కాబట్టి. ఆ అబ్బాయి మంచితనం కొద్దీ చెప్పాడు.

స్కోప్ మాటొచ్చింది కాబట్టి నా పెద్ద కంప్లయింట్ ఇక్కడే రాసేస్తా. మా కేవైసీలో సెల్ఫీ తీసే ముక్క బయటి వెండార్‌ది. రిపోర్టులో దాని ఎదురుగా "థర్డ్ పార్టీ, పరిధిలో లేదు" అని రాశారు. కళ్ళు ఆర్పమనే స్టెప్పు మీదే కదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, మేమంతా ఈ ఆడిట్ చేయించుకుంటున్నదే అందుకు కదా, సరిగ్గా ఆ ఒక్క స్క్రీనూ వదిలేస్తే ఎట్లా అండి? కస్టమర్‌కి ఈ ముక్క వెండార్‌ది, ఆ ముక్క మాది అని తెలుస్తుందా? గట్టిగా అడిగితే దానికి వేరే కొటేషన్ ఇస్తామన్నారు. చివరికి మేమే వెండార్‌తో గొడవపడి, కళ్ళు ఆర్పడం బదులు వేరే పద్ధతి ఉండేలా మార్పించుకున్నాం. మీరు గనక ఎవరికైనా ఆర్డర్ ఇస్తుంటే స్క్రీన్ల లిస్టు వాళ్ళని రాయనివ్వకండి, మీరే కూర్చుని రాయండి, బయటి వెండార్ల స్క్రీన్లు, అన్ని భాషలు, ఓటీపీ, ఎర్రర్ వచ్చినప్పుడు కనబడే పేజీలు, స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లు, అన్నీ.

రీటెస్ట్ మాత్రం, రిపోర్టు ఇచ్చిన 30 రోజుల్లోపు చేయించుకోవాలి, ఆ తర్వాతైతే డబ్బులు. మా స్ప్రింట్లు (పని విడతలు) రెండు వారాలవి, 63 ఇష్యూలు 30 రోజుల్లో ఎక్కడవుతాయి, బతిమాలి 45 చేయించుకున్నాం. సంతకం పెట్టే ముందే 60 అడగండి, ఇస్తారు.

సర్టిఫికెట్ వచ్చింది, ఫ్రేము కట్టి రిసెప్షన్‌లో పెట్టారు. అది ఫలానా తేదీ నాటి బిల్డుకి, అంటే ఆ రోజు ఉన్న యాప్‌కి మాత్రమే అని కింద చిన్నక్షరాల్లో ఉంది, కాంట్రాస్ట్ కొలిస్తే ఫెయిలే అవుతుందేమో. తర్వాతి రిలీజ్‌లోనే కొత్త బ్యానర్ ఒకటి వచ్చి మూసే బటన్‌కి కీబోర్డ్ అందకుండా పోయింది. అప్పట్నుంచి ఆక్స్ ఇంజన్‌ని (ఆక్స్ కోర్) కొత్త కోడ్ తయారయ్యే మా బిల్డ్ పైప్‌లైన్‌లో పెట్టేశాం, పాత తప్పులు మళ్ళీ వస్తే బిల్డ్ ఆగిపోతుంది. నేను మాత్రం ప్రతి రిలీజ్‌కి ముందు ఒక గంట మౌస్ తీసి డ్రాయర్లో పడేసి, ఎన్‌వీడీఏ ఆన్ చేసి ఒక ఆర్డర్ పెట్టి చూస్తా. లాప్‌టాప్‌లో ఇన్సర్ట్ కీతో చేతులు నొప్పెడితే సెట్టింగ్స్‌లో క్యాప్స్ లాక్‌ని పెట్టుకోండి, హాయి. కంట్రోల్ నొక్కితే నోరు మూసుకుంటుంది, ఇది ముందు నేర్చుకోండి, నేను మొదటిరోజు దాన్ని ఆపడం తెలీక లాప్‌టాప్ మూసేశా.

మొత్తానికి ఆ కంపెనీకి ఐదుకి మూడున్నర, అందులో మూడు ఆ అబ్బాయివే.

వచ్చే ఏడాది ఆడిట్‌కి మొన్న మళ్ళీ కొటేషన్ అడిగాం. స్కానింగ్ వద్దు, మేం చేసుకుంటాం, ఎక్సెల్ వద్దు, ఆ టెస్టర్ అబ్బాయినే నాలుగు రోజులు పంపండి, తెలుగు, హిందీ కూడా కలిపి అని. ఇన్ని తీసేశాం కదా తగ్గుతుందనుకున్నా. 3,10,000 ప్లస్ జీఎస్టీ అన్నారు. అందులో అతని చేతికి ఎంత వెళ్తుందని అడిగా, ఇంకా రిప్లై రాలేదు.